తప్పుంటే దిద్దుకోమన్న చరిత్రకారుడు: ఐస్‌లాండ్ పండితుడు ఆరి

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇమ్మని కార్యవర్గం వారు అడిగినప్పుడు, నేను గాంధీజీ గురించో, విశ్వేశ్వరయ్య గారి గురించో వ్రాస్తానని మిత్రులు అనుకొని ఉంటారు. ఆ మహానుభావుల గురించి నాకన్నా బాగా వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఎంచుకున్న మనిషి పేరు మనలో ఎక్కువమంది విని ఉండరు. ఆయన ఆరి థోర్గిల్సన్. ఐస్‌లాండ్ దేశస్థుడు, క్రైస్తవ పురోహితుడు. 1148 నవంబరు 9న కన్నుమూశాడు. తన దేశంలో మాత్రం చదువుకున్న ప్రతివారికీ తెలిసిన పేరు. అక్కడివారు ఆయనను ఆరి ఫ్రోది అంటారు. అంటే పండితుడైన ఆరి అని అర్థం.

ఉద్యోగంలో ఉన్నంతకాలం నా పని రికార్డులతోనే గడిచింది. ఒక కాగితం చేతికి వస్తే దీన్ని ఎవరు వ్రాశారు, ఎవరు చెప్పగా వ్రాశారు, ఏ తేదీన వ్రాశారు అని చూడడం నాకు అలవాటైపోయింది. ఆరి వ్రాసిన చిన్న పుస్తకాన్ని ఇంగ్లీషు అనువాదంలో చదివినప్పుడు, ఇన్నాళ్ళూ నా వృత్తికి గురువెవరో తెలియకుండానే పెన్షన్ పుచ్చుకుంటున్నానే అనిపించింది. ఆయన గురించి వ్రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది చివర మనవి చేస్తాను.

ఆ దేశం, ఆ కాలం

ఐస్‌లాండ్ ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో ఉన్న ద్వీపం. వైశాల్యంలో మన తెలంగాణ కన్నా కాస్త చిన్నది. ఒకవైపు మంచు గడ్డలు, మరోవైపు అగ్నిపర్వతాలు. తొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలో నార్వే నుంచి పడవలలో వచ్చిన కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. వారికి రాజు లేడు. 930 ప్రాంతంలో ఆల్థింగ్ అనే సభను ఏర్పాటు చేసుకున్నారు. ఏటా వేసవిలో థింగ్‌వెల్లిర్ అనే మైదానంలో దేశం నలుమూలల నుంచీ పెద్దలు చేరి, తగవులు తీర్చుకొని, చట్టాలు చేసుకునేవారు.

చట్టం ఉన్నది గాని అది ఏ పుస్తకంలోనూ లేదు. చట్టవక్త అనే అధికారి ఒకరు ఉండేవారు. ఆయన మొత్తం చట్టాన్ని మూడు భాగాలు చేసి, ఏడాదికి ఒక భాగం చొప్పున, సభ ముందు కంఠతా చెప్పాలి. ఆయన మరిచిపోతే చట్టమే పోయినట్టు. ఒక్క మాటలో చెప్పాలంటే, పెద్దల జ్ఞాపకమే ఆ దేశానికి రికార్డు రూము. ఆరి పుట్టేనాటికి పరిస్థితి అదీ.

బాల్యం

ఆరి 1067లో గాని, 1068లో గాని పుట్టాడు. మన రాజరాజ నరేంద్రుని పాలన ముగిసి అప్పటికి కొద్ది సంవత్సరాలే అయింది. ఆరిది దేశానికి పడమటి దిక్కున హెల్గాఫెల్ అనే చోట స్థిరపడిన పేరున్న కుటుంబం. ఆయన తాతగారి తల్లి గుద్రూన్. ఐస్‌లాండ్ వారి ప్రసిద్ధ కథలలో ఒకటైన లాక్స్‌డేల గాథకు ఆవిడే నాయిక.

పుట్టుక గొప్పదే గాని పసితనం కష్టమైనది. తండ్రి థోర్గిల్స్ బ్రెయిదాఫ్యోర్ద్ అనే సముద్రపు పాయలో మునిగి చనిపోయాడు. పిల్లవాణ్ణి తాతగారు గెల్లిర్ చేరదీశాడు. ఆ తాతగారు ముసలితనంలో రోమ్ నగరానికి తీర్థయాత్ర వెళ్ళి, తిరుగు ప్రయాణంలో డెన్మార్క్ దేశంలోని రోస్కిల్దెలో కాలం చేశాడు. అది 1073. మరుసటి సంవత్సరం, ఏడేళ్ళ వయసులో, ఆరిని దక్షిణాన హౌకదల్ అనే లోయలో ఉన్న హాల్ థోరారిన్సన్ అనే పెద్ద రైతు ఇంటికి పంపారు. అక్కడ పద్నాలుగేళ్ళు పెరిగాడు.

ఆ లోయతో మనకు కూడా ఒక చిన్న చుట్టరికం ఉంది. భూమిలోంచి వేడినీరు చిమ్మే గేసిర్ అనే బుగ్గ ఆ లోయలోనిదే. మన స్నానాల గదుల్లో గీజరు అనే మాట ఆ బుగ్గ పేరు నుంచి వచ్చినదే.

ఇద్దరు గురువులు

హాల్ ఇంట్లో ఆరికి ఇద్దరు గురువులు దొరికారు. ఒకరు ఆ ఇంటి యజమాని హాల్. ఈయన దీర్ఘాయుష్కుడు. 1089లో తొంభై నాలుగవ ఏట పోయాడు. ఐస్‌లాండ్ ప్రజలు క్రైస్తవాన్ని చట్టంగా స్వీకరించడానికి ముందు ఏడాది, థాంగ్‌బ్రాండ్ అనే మత ప్రచారకుడు మూడేళ్ళ వయసులో ఉన్న హాల్‌కు జ్ఞానస్నానం ఇచ్చాడు. ఆ సంగతి తనకు స్వయంగా గుర్తున్నదని హాల్ చెప్పేవాడు. అంటే ఆరి పిల్లవాడిగా ఉన్నప్పుడు రోజూ ఎవరి దగ్గర కూర్చునేవాడో ఆ మనిషి, డెబ్బై అయిదు, ఎనభై సంవత్సరాల క్రిందటి సంఘటనకు సజీవ సాక్షి. ఆరి తన పుస్తకంలో హాల్ గురించి చెబుతూ రెండు గుణాలు పేర్కొన్నాడు. జ్ఞాపకశక్తి గలవాడు, అబద్ధమాడనివాడు. సాక్షికి ఇంతకన్నా ఏం కావాలి?

రెండవ గురువు తెయిత్. ఈయన ఐస్‌లాండ్‌కు మొదటి స్వదేశీ బిషప్ అయిన ఈస్లెయిఫ్ కుమారుడు. ఆరికి చదువు చెప్పి, పెంపుడు తండ్రిలా చూసుకున్నాడు. 1080లో ఈస్లెయిఫ్ బిషప్ అంత్యక్రియలు జరిగినప్పుడు పన్నెండేళ్ళ ఆరి తెయిత్‌తో పాటు అక్కడ ఉన్నాడు. ఆ మాట కూడా పుస్తకంలో వ్రాసుకున్నాడు. తాను ఎక్కడ చూసి చెబుతున్నాడో, ఎక్కడ విని చెబుతున్నాడో స్పష్టంగా తేల్చడం ఆయన పద్ధతి.

పుస్తకం పుట్టిన విధం

హౌకదల్ విడిచిన తరువాత ఆరి పురోహితుడయ్యాడు. ఆ తరంలోనే ఆయన దేశం నోటి మాట నుంచి వ్రాతకు మళ్ళింది. 1096, 1097 ప్రాంతంలో ఈస్లెయిఫ్ మరొక కుమారుడు గిజుర్ బిషప్, చట్టవక్త మార్కుస్, సేముండ్ అనే పండితుడు కలిసి దశమభాగం పన్ను చట్టం తెచ్చారు. ప్రతి ఒక్కరూ తమ ఆస్తి విలువ ప్రమాణం చేసి చెప్పాలి. పన్ను మదింపు చేసిన మిత్రులకు అందులోని కష్టం తెలుసు. జనం పెద్ద పేచీ లేకుండా ఒప్పుకోవడం ఆరికి కూడా ఆశ్చర్యమే. సభా పన్ను కట్టగలిగిన రైతులను గిజుర్ లెక్క వేయించాడు. తూర్పు భాగంలో ఏడు వందలు, దక్షిణాన పది, పడమట తొమ్మిది, ఉత్తరాన పన్నెండు వందలు. వారి వంద అంటే నూట ఇరవై. కనుక మన లెక్కలో మొత్తం 4,560 మంది. తొమ్మిది వందల ఏళ్ళ క్రిందటి ఈ అంకెలు నేటికీ చరిత్రకారులకు ఆధారం.

1117 వేసవిలో చట్టాన్ని వ్రాతలో పెట్టాలని సభ తీర్మానించింది. ఆ చలికాలమంతా హాఫ్లిది మాసన్ అనే పెద్దమనిషి ఇంట్లో ఆ పని సాగింది. 1118 వేసవిలో వ్రాసినదాన్ని సభలో చదివి వినిపించారు. చట్టానికి పుస్తకం వచ్చింది. ఇక చరిత్రకు రావాలి.

ఆ పని ఆరి చేశాడు. పుస్తకం పేరు ఈస్లెందింగబోక్, అంటే ఐస్‌లాండ్ వాసుల పుస్తకం. దీన్ని 1122కూ 1133కూ మధ్య వ్రాశాడని పండితులు తేల్చారు. ఎలా తేల్చారన్నది మన ఆఫీసు వారికి నచ్చే సంగతి. వ్రాసిన ప్రతిని ముందుగా ఇద్దరు బిషప్పులకూ, సేముండ్ పండితునికీ చూపించానని ఆరి ముందుమాటలో చెప్పుకున్నాడు. ఆ బిషప్పులలో కెటిల్ పదవిలోకి వచ్చింది 1122లో. థోర్లాక్ చనిపోయింది 1133లో. ఇద్దరూ పదవిలో ఉన్నది ఆ మధ్య కాలంలోనే.

పెద్దలు చూసి సలహాలు ఇచ్చాక, ఆరి మొదటి ప్రతిని పక్కన పెట్టి రెండవసారి వ్రాశాడు. వంశావళులు, రాజుల చరిత్రలు తీసివేశాడు. ఈలోగా తనకు మరింత బాగా తెలిసిన విషయాలు చేర్చాడు. మొదటి ప్రతి దొరకలేదు. ఇప్పుడు మనకున్నది రెండవదే. పది చిన్న అధ్యాయాలు, ఒక పూటలో చదివేయవచ్చు.

ఇంకో విశేషం. యూరప్‌లో ఆనాడు చదువుకున్నవారి భాష లాటిన్. సేముండ్ ఫ్రాన్సులో చదువుకొని వచ్చినవాడు. నార్వే రాజుల చరిత్రను లాటిన్‌లో వ్రాశాడు. అది నేడు లేదు. ఆరి తన ఊరి రైతులు మాట్లాడే భాషలో వ్రాశాడు. తమ భాషలో చరిత్ర వ్రాసినవారిలో ఆరి మొదటివాడని తరువాతి శతాబ్దంలో స్నోర్రి స్టుర్లుసన్ అనే మహా రచయిత గౌరవంగా చెప్పుకున్నాడు. నేటి ఐస్‌లాండ్ పాఠకులు కొద్దిపాటి శ్రమతో ఆ పుస్తకాన్ని మూలంలోనే చదువుకోగలరు.

ఎవరు చెప్పారు?

ఆరి గొప్పతనం అంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉన్నది. ఆయన ఏ ముఖ్య విషయం చెప్పినా, అది తనకు ఎవరు చెప్పారో, ఆ చెప్పినవారికి ఎలా తెలుసో కూడా చెబుతాడు.

పూర్వపు చట్టవక్తల వివరాలు తనకు మార్కుస్ చెప్పాడంటాడు. మార్కుస్‌కు ఎవరు చెప్పారు? ఆయన అన్న, తండ్రి, మరికొందరు పెద్దలు. వారికి? ఆ అన్నదమ్ముల తాత బ్యార్ని. బ్యార్నికి ఎలా తెలుసు? ఆయన ఒక పాత చట్టవక్తనూ, ఆ తరువాతి ఆరుగురినీ స్వయంగా ఎరుగును. మన ఫైళ్ళలో ఒక కాగితం ఏ సెక్షన్ నుంచి ఏ సెక్షన్‌కు వచ్చిందో మార్జిన్‌లో నమోదు చేసినట్టే ఉంటుంది ఈ వరస.

ఆయన సాక్షులలో ఒక స్త్రీ కూడా ఉన్నది. పేరు థూరిద్. 1031లో మరణించిన స్నోర్రి అనే ప్రసిద్ధ నాయకుని కుమార్తె. ఆ నాయకుడు క్రైస్తవం వచ్చేనాటికి ముప్ఫై అయిదేళ్ళకు దగ్గరగా ఉన్నవాడు. ఆవిడ ఎంతో తెలిసినదనీ, ఆమె చెప్పిన సంగతులు నమ్మదగినవనీ ఆరి వ్రాశాడు. తొమ్మిది వందల ఏళ్ళ క్రితం ఒక పురోహితుడు, దేశ చరిత్రకు ఒక ముసలమ్మ జ్ఞాపకాన్ని ఆధారంగా చూపి, ఆవిడ పేరు ముందుపేజీలలోనే వ్రాశాడంటే ఆలోచించవలసిన విషయం.

గ్రీన్‌లాండ్ కథ చినతండ్రి థోర్కెల్ వల్ల తెలిసింది. థోర్కెల్ గ్రీన్‌లాండ్ వెళ్ళినప్పుడు, ఎర్ర ఎరిక్‌తో పాటు అక్కడికి మొదటగా వలస వెళ్ళిన ఒక మనిషే ఆయనకు స్వయంగా చెప్పాడు. మంచి పేరు పెడితే జనం రావడానికి ఇష్టపడతారని ఎరిక్ ఆ మంచు దేశానికి పచ్చని నేల అని పేరు పెట్టిన సంగతి మనకు తెలిసింది ఆరి వల్లనే. ఆ సందర్భంలోనే విన్‌లాండ్ అనే దేశం పేరు కూడా వస్తుంది. అది అమెరికా ఖండపు తీరం. దాని పేరు చెప్పిన ఐస్‌లాండ్ పుస్తకాలలో ఇదే మొదటిది. 1960లలో కెనడా దేశపు న్యూఫౌండ్‌లాండ్‌లో ఆ వలసదారుల ఇళ్ళ పునాదులు బయటపడ్డాయి. అక్కడ దొరికిన కొయ్య ముక్కలు 1021లో ఇనుప పనిముట్లతో నరికినవని 2021లో శాస్త్రజ్ఞులు తేల్చారు.

తేదీల విషయంలో కూడా అంతే జాగ్రత్త. ఐస్‌లాండ్‌లో మొదట కాపురం పెట్టిన ఇంగోల్ఫ్ కాలాన్ని చెప్పడానికి, ఇంగ్లాండులో ఎడ్మండ్ రాజు హత్య జరిగిన 870వ సంవత్సరాన్ని గుంజగా పాతుకున్నాడు. మిగతా సంవత్సరాలన్నీ దానికి కట్టి లెక్కించాడు. ఆధునిక కాలంలో ఐస్‌లాండ్ మట్టిపొరల్లో 870ల నాటి అగ్నిపర్వత బూడిద పొర ఒకటి గుర్తించారు. తొలి ఇళ్ళ ఆనవాళ్ళు దాదాపు అన్నీ ఆ బూడిదకు పైనే ఉన్నాయి. రేక్యావిక్‌లో మాత్రం ఒక గోడ ముక్క ఆ పొరకు కింద దొరికింది. పెద్దల నోటి మాట విని, ఇంకొక దేశపు రాజు మరణంతో సరిచూసుకొని, రెండున్నర శతాబ్దాల తరువాత వ్రాసిన తేదీ ఇంత దగ్గరగా రావడం సామాన్యం కాదు.

ఒక రాత్రి ముసుగు

పుస్తకంలో అందరూ మెచ్చుకునే ఘట్టం ఒకటి ఉన్నది. క్రైస్తవం చట్టంగా మారిన సంఘటన అది. 1000వ సంవత్సరం అని కొందరు, 999 అని కొందరు లెక్క వేస్తారు. ఆ వేసవి సభకు పాత మతం వారు, కొత్త మతం వారు రెండు పక్షాలుగా చీలి వచ్చారు. ఒకరి చట్టం మాకు వద్దంటే మాకు వద్దన్నారు. కత్తులు దూయడమే తరువాయి. చివరకు చట్టవక్త థోర్గెయిర్ ఎలా చెబితే అలా నడుచుకుంటామని ఒప్పుకున్నారు. ఆయన పాత మతం వాడు. తన గుడారంలో ముసుగు తన్ని ఆ పగలూ, ఆ రాత్రీ ఒక్క మాట మాట్లాడకుండా పడుకున్నాడు. మర్నాడు లేచి అందరినీ సమావేశపరచి, చట్టం రెండుగా చీలితే శాంతి కూడా చీలుతుందని నచ్చజెప్పి, దేశమంతా క్రైస్తవం తీసుకోవాలని తీర్పు ఇచ్చాడు. పాతవారి కోసం కొన్ని మినహాయింపులు ఉంచాడు. గుర్రం మాంసం తినవచ్చు, పుట్టిన బిడ్డను విడిచిపెట్టే పాత ఆచారం కొనసాగించవచ్చు, చాటుగా బలులు ఇచ్చుకోవచ్చు. కొన్నేళ్ళ తరువాత అవి కూడా రద్దయ్యాయి.

ఆరి పురోహితుడు. తన మతం గెలిచిన కథ. దేవుని మహిమలు కలిపి పెద్దది చేసి ఉండవచ్చు. అలా చేయలేదు. ఆ మినహాయింపులను దాచలేదు. తీర్పు చెప్పినది పాత మతం వాడేనని కూడా దాచలేదు. ఈ కథ తెయిత్ చెప్పాడని వ్రాసి ఊరుకున్నాడు.

లోపాలు లేవా?

ఉన్నాయి. ఆరిని పెంచినది హౌకదల్ వర్గం. గురువు తెయిత్, గురువు తండ్రి ఈస్లెయిఫ్, గురువు సోదరుడు గిజుర్ అందరూ ఆ కుటుంబమే. దేశ చరిత్ర పేరుతో ఆ బిషప్పుల ఇంటి చరిత్రకే ఎక్కువ చోటు ఇచ్చాడని నేటి పరిశోధకులు అంటారు. వేరే ప్రాంతపు పెద్దలను అడిగి ఉంటే వేరే కథ వచ్చేదేమో. ఎవరి ఉప్పు తిన్నామో వారి కథ మన నోట ముందుగా రావడం సహజం. అయితే ఆ లోపాన్ని మనం పట్టుకోగలగడానికి కారణం కూడా ఆరియే. తనకు ఎవరెవరు చెప్పారో దాచకుండా వ్రాశాడు గనుక ఆ మొగ్గు ఎటు ఉన్నదో మనకు తెలిసింది.

తన పుస్తకంలో ఎక్కడైనా పొరపాటు ఉంటే, తాను వ్రాసినదాన్ని పట్టుకొని వేళ్ళాడకుండా, నిజమని తేలినదాన్నే స్వీకరించమని ముందుమాటలోనే చదువరులను కోరాడు. నా దృష్టిలో ఆయన వ్రాసిన వాటన్నిటిలోకీ విలువైనది ఆ విన్నపమే.

పుస్తకం బతికిన విధం

ఆరి స్వహస్తంతో వ్రాసిన ప్రతి నేడు లేదు. పాత తోలు ప్రతి ఒకటి పదిహేడవ శతాబ్దంలో స్కాల్హోల్ట్ బిషప్ బ్రిన్యోల్ఫుర్ చేతికి వచ్చింది. ఆయన 1651లో యోన్ ఎర్లెండ్సన్ అనే పురోహితుని చేత దానికి నకలు వ్రాయించాడు. మొదటి నకలు తృప్తి కలిగించలేదేమో, మళ్ళీ రెండవది వ్రాయించాడు. ఆ తరువాత తోలు ప్రతి మాయమైపోయింది. యోన్ నకళ్ళు రెండూ ఆర్ని మాగ్నుస్సన్ అనే సేకర్త చేరదీయగా దక్కాయి. 1728లో కోపెన్‌హాగెన్ అగ్నిప్రమాదంలో ఆయన సేకరణలో కొంత భాగం కాలిపోయినా ఇవి మిగిలాయి. ఒక నకలు గుమాస్తా ఓపికగా రెండుసార్లు వ్రాయడం వల్ల ఒక దేశానికి తన ఆది చరిత్ర మిగిలింది. నకళ్ళు వ్రాసి వ్రాసి చేతివేళ్ళు కాయలు కాసిన మనలాంటివారికి ఇది గర్వించవలసిన విషయం.

నా మనవి

ఇక మొదట చెప్పిన కారణం. కొన్నేళ్ళ క్రితం మన సంఘం చరిత్ర వ్రాసే పని నాకు అప్పగించారు. సంఘం మొదటి సమావేశం ఆఫీసు సమావేశ మందిరంలో జరిగినట్టు మినిట్స్ పుస్తకం చూసి వ్రాశాను. అచ్చయిన తరువాత మన పాత అటెండరు ఒకాయన కర్ర పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ఆ రోజు మందిరం ఇవ్వలేదనీ, వెనక చింతచెట్టు కింద సమావేశం జరిగిందనీ, బెంచీలు మోసుకొచ్చినది తానేననీ చెప్పాడు. కాగితం ఉండగా నోటి మాట ఎలా వేస్తామని ఆయన ముఖం మీదే అన్నాను. ఆయన మరి మాట్లాడకుండా మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఆ మినిట్స్ తరువాత ఎప్పుడో శుద్ధప్రతిగా టైపు చేసినవన్న సంగతి రికార్డులు చూసే నాకే తట్టలేదు. రెండేళ్ళ తరువాత పాత కట్టలు సర్దుతుంటే, అదే తేదీతో బెంచీల అద్దె రసీదు దొరికింది. అప్పటికి ఆయన లేడు.

కనుక మొదటి సమావేశం చింతచెట్టు కింద జరిగిందని, అది మనకు చెప్పినది ఆ అటెండరేనని, ఆయన అబద్ధమాడనివాడని ఈ సంచికలో సవరణగా నమోదు చేస్తున్నాను. మనలో ఎనభై దాటిన పెద్దలు తమకు గుర్తున్న సంగతులు, ఎవరు చెప్పగా విన్నారో ఆ పేర్లతో సహా, వ్రాసి గాని, మనుమల చేత వ్రాయించి గాని సంఘానికి పంపవలసిందిగా ప్రార్థన. నేను పైన వ్రాసినదాంట్లో తప్పులుంటే అవి కూడా తెలియజేయండి. ఈసారి వచ్చినవారిని కూర్చోబెట్టి వింటాను.